ప్లాస్టిక్ చెత్త – సూక్ష్మజీవులు – పంచాయతీల బాధ్యత

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



నేడు మేము మీ యెదుట ప్రస్తావింపదలచిన విషయము ప్లాస్టిక్ చెత్త. ఈ మాట వినగనే, "సంచులు వాడవద్దని చెప్పుటకే గదా వచ్చితిరి" అని మీరు అనుకొనవచ్చును. ఆ మాటయు చెప్పెదము. కాని దానికి ముందు మరియొక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ప్లాస్టిక్కును తినివేయు సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు కనుగొనిరని పత్రికలలో చదువుచున్నాము, సెల్‌ఫోనులలో చూచుచున్నాము. అట్టి జీవులే యున్నచో మనము శ్రమపడి చెత్తను వేరుచేయుట యెందుకు? ఏదో యొక పొడి తెచ్చి కుప్పపై చల్లిన చాలదా? ఇట్లు గ్రామసభలో ఎవరైనను అడిగినచో వారిది తప్పు కాదు. ప్రశ్న మంచిదే. సమాధానము తెలిసియుండుట సభ్యుల ధర్మము. ఏలయన, పంచాయతీ నిధులు ఖర్చుచేయువారు మీరు. చెరువునకు, గెడ్డకు, పశువులకు కాపుదారులును మీరే.

గోగుకట్టలు చెప్పు సంగతి

సూక్ష్మజీవుల పని మన జిల్లాలవారికి క్రొత్త గాదు. గోగుపంట ఒకప్పుడు ఈ ప్రాంతమున విస్తారముగ పండెడిది. నెల్లిమర్ల, బొబ్బిలి ప్రాంతముల జూటు మిల్లులకు మన రైతుల గోగునార వెళ్లెడిది. నేడు ఆ సాగు బాగుగ తగ్గినది. అయినను గోగుకట్టలను చెరువులో ఊరవేయు పద్ధతి పెద్దలందరికిని తెలిసినదే. కట్టలను నీట ముంచి, పైన బరువు పెట్టి, రెండు మూడు వారములు ఉంచుదురు. పిమ్మట పుల్లనుండి నార సులువుగ ఊడివచ్చును.

ఆ పని చేయునది నీరు కాదు, నీటిలోని సూక్ష్మజీవులు. నారను పుల్లకు అంటించి యుంచు జిగురువంటి పదార్థమునకు పెక్టిన్ అని పేరు. సూక్ష్మజీవులు ఆ జిగురును కరగించి తినును. నారను మాత్రము వెంటనే తాకవు. కాని గడువు మించి కట్టలను నీట విడిచినచో నారయు మెత్తబడి చెడిపోవును. అందువలననే అనుభవముగల రైతు నాలుగు దినముల కొకసారి ఒక పుల్లను తీసి, నార ఊడుచున్నదో లేదో పరీక్షించును.

ఈ పాతపనికే నేటి శాస్త్రము మెరుగు దిద్దినది. పశ్చిమ బెంగాలులోని బారక్‌పూర్‌లో జూటు, తత్సంబంధమైన నారపంటల కేంద్ర పరిశోధనా సంస్థ యున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు బాసిల్లస్ పుమిలస్ అను బ్యాక్టీరియాలో మూడు రకములను ఎన్నుకొని, సుద్దవంటి పొడిలో కలిపి, "క్రిజాఫ్ సోనా" అను పేర రైతుల కందించిరి. ఈ మూడు రకములును జిగురును కరగించును గాని నారలోని సెల్యులోజును ముట్టవు. దీనివలన ఊరు కాలము సుమారు ఒక వారము తగ్గును. నార నాణ్యతయు మెరుగుపడును. మన ఆమదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానమువారు గోగులో మేలైన వంగడములను రూపొందించినట్లే, బారక్‌పూర్‌వారు గోగు ఊరుటకు మేలైన సూక్ష్మజీవులను ఏర్చి యిచ్చిరన్నమాట.

ఈ యుదాహరణమును ఇంత వివరముగ చెప్పుటకు కారణమున్నది. ఇందులో మూడు సంగతులు గలవు. ఒకటి, ప్రతి సూక్ష్మజీవికిని తనదైన ఆహార మున్నది. అన్నియు అన్నిటిని తినవు. రెండు, దానికి తగిన నీరు, వేడి, గడువు కావలెను. మూడు, మనిషి ముందుగ పంట కోసి, ఆకు రాల్చి, కట్టలు కట్టి యిచ్చినగాని ఆ జీవి పని చక్కగ సాగదు. ప్లాస్టిక్ విషయమునను ఈ మూడు సంగతులే వర్తించును.

ఎంజైము అనగా నేమి?

సూక్ష్మజీవికి నోరు లేదు, పండ్లు లేవు. తాను తినదలచిన వస్తువుపై అది ఒక రసమును వదలును. ఆ రసములో నుండి పదార్థమును త్రుంచునట్టి దానికి ఎంజైము అని పేరు. మన లాలాజలములో గూడ ఎంజైములు గలవు. అన్నపు మెతుకును చాలసేపు నమలినచో తీపి తగులుట వానివలననే. ఎంజైము తాళపుచెవి వంటిది. ఒక తాళమునకు పట్టిన చెవి మరియొక తాళమునకు పట్టదు. అన్నమును విడదీయు ఎంజైము గడ్డిని విడదీయలేదు. జిగురును విడదీయునది నారను విడదీయలేదు.

ఆవు కడుపును చూడుడు. గడ్డిని మనము జీర్ణించుకొనలేము. ఆవు పెద్దపొట్టలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచు ఆ గడ్డిని విడదీసి ఆవునకు బలముగను, మనకు పాలుగను మార్చుచున్నవి. అంతటి శక్తిగల జీవులును పాలిథీన్ సంచి యెదుట ఓడిపోవుచున్నవి. మిగిలిన కూరగాయలను సంచిలో మూటకట్టి వీధిలో పారవేసినచో ఆవు సంచితో సహా మ్రింగును. కూర అరిగిపోవును, సంచి కడుపులోనే నిలుచును. సంచులు పేరుకొనిన కొలది మేత తగ్గును, పాలు తగ్గును, తుదకు ప్రాణమే పోవచ్చును. ఒక కుటుంబమునకు ఆధారమైన పాడియావు ఇట్లు నశించుట చిన్న నష్టము కాదు.

ప్లాస్టిక్కు ఒక్కటి గాదు

మనము ప్లాస్టిక్కని ఒక్క పేరుతో పిలుచునది నిజమునకు అనేక పదార్థముల సమూహము. సీసా అడుగున త్రికోణములో ఒక అంకె అచ్చువేసి యుండును. 1 అంకె యున్నది పెట్ అను రకము. మంచినీటి సీసా, శీతల పానీయపు సీసా ఈ రకమునకు చెందినవి. పాలిస్టరు చీర, పాలిస్టరు చొక్కా దారము గూడ ఈ పదార్థమే. 2, 4 అంకెలు పాలిథీన్ రకములు. పాల ప్యాకెట్లు, చేతిసంచులు, నూనె డబ్బాలు ఇందులోనివి. 3 అంకెది పీవీసీ, పైపులకు వాడుదురు. 5 అంకెది పాలీప్రొపిలీన్. ఎరువుల సంచులు చాలవరకు దీనితో నేయబడినవి. చిప్సు, గుట్కా, షాంపూల చిన్న పొట్లములు రెండు మూడు పదార్థములను పొరలుగ అతికించినవి. తీరగ్రామములలో పాడైన నైలాను వలలు వేరొక రకము.

ఈ ప్లాస్టిక్కులన్నియు పొడవైన గొలుసులవంటివి. పెట్ గొలుసులో కొంత దూరమున కొక ముడి యున్నది. ప్రకృతిలో ఆకులపైనుండు మైనపు పొరలోను అట్టి ముడియే యున్నది. కావున ఆకును కుళ్లజేయు ఎంజైములలో కొన్ని పెట్ ముడిని గూడ విప్పగలుగుచున్నవి. పాలిథీన్ గొలుసులో అట్టి ముడి లేదు. మొదటినుండి తుదివరకు ఒకే పేట. ఎంజైమునకు పట్టు చిక్కదు. ఈ తేడాను గుర్తుంచుకొనినచో పత్రికలలో వచ్చు వార్తలలోని సారము సులభముగ గ్రహింపవచ్చును.

శాస్త్రజ్ఞులు సాధించినదేమి?

జపాను దేశమున సకాయ్ అను పట్టణములో పెట్ సీసాలను తిరిగి ఉపయోగములోనికి తెచ్చు కేంద్ర మొకటి గలదు. అచ్చటి మన్ను, మురుగునీరు మొదలగు 250 నమూనాలను శాస్త్రజ్ఞులు పరీక్షించి, పెట్‌ను ఆహారముగ గొను ఒక బ్యాక్టీరియాను కనుగొనిరి. 2016 మార్చిలో ఆ సంగతిని ప్రకటించి, ఆ యూరి పేరు కలిసివచ్చునట్లు ఇడియోనెల్లా సకాయెన్సిస్ అని దానికి పేరిడిరి. అది 30 డిగ్రీల వేడిలో పలుచని పెట్ పొరను సుమారు 6 వారములలో విడదీసినది.

మరియొక ఎంజైము కంపోస్టు కుప్పలోనే దొరకినది. ఆకులు, కొమ్మలు కుళ్లించిన ఎరువునుండి జపాను శాస్త్రజ్ఞులు దానిని 2012లో వెలికి తీసిరి. దానినే ఫ్రాన్సు దేశమున టూలూజ్ శాస్త్రజ్ఞులు మార్చి మెరుగుపరచిరి. 2020లో వారు ప్రకటించిన ప్రకారము, ఆ ఎంజైము 72 డిగ్రీల వేడిలో 10 గంటలలో పెట్‌ను నూటికి 90 పాళ్లు విడదీసినది. విడదీయగా వచ్చిన ముడిపదార్థముతో మరల క్రొత్త సీసాలను తయారుచేసిరి. 2021లో కార్బియోస్ అను సంస్థ ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెరాఁలో ఈ పద్ధతికి ప్రదర్శన కేంద్రమును నెలకొల్పినది. 2022లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 50 డిగ్రీల వేడిలోనే పనిచేయు మరియొక ఎంజైమును రూపొందించిరి. ఆవు పెద్దపొట్టలోని రసము గూడ పెట్ పొడిని కొంతమేర విడదీయునని ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిరి. ఆ పరీక్షలో వాడినది పరిశోధనశాలలోని పొడియు, పలుచని పొరయు మాత్రమే. ఆవు మ్రింగిన పాలిథీన్ సంచి కాదు.

పాలిథీన్ విషయమున పని ఇంకను తొలిదశలోనే యున్నది. తేనెపట్టును పాడుచేయు మైనపు పురుగు పాలిథీన్ సంచికి చిల్లులు చేయుచున్నదని 2017లో తెలిసినది. దాని లాలాజలములోని ఎంజైములు పాలిథీన్‌ను మార్పు చెందించునని 2022లో స్పెయిను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఇది ఆశ కలిగించు సంగతియే. కాని ఊరి సంచులకుప్పను కరగించు సాధనముగ అది ఇంకను రూపొందలేదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ఫ్రాన్సులో 10 గంటలలో కరగినది మట్టితో, పేడతో, అన్నపు మెతుకులతో కలిసిన చెత్త కాదు. ముందుగ పెట్‌ను మాత్రమే వేరుచేసిరి. పిమ్మట దానిని కరగించి త్వరగ చల్లార్చి, మెత్తని పొడిచేసి, వేడినీటి తొట్టిలో వేసి, ఎంజైమును కలిపిరి. అందువలన మేము చెప్పదలచినది ఒక్క మాట: సూక్ష్మజీవుల శాస్త్రము ఎంత పెరిగినను చెత్తను వేరుచేయు పని తగ్గదు, మరింత ముఖ్యమగును. అట్టి కర్మాగారము రేపు మన రాష్ట్రమునకు వచ్చినను, అది కోరునది శుభ్రముగ వేరుచేసిన సీసాలనే. బురదకుప్పను అదియు తీసికొనదు.

పొడి అమ్మవచ్చిన వారిని అడుగవలసినవి

ఎవరైనను పంచాయతీకి వచ్చి, "ఈ పొడి చల్లుడు, ఈ ద్రవము పోయుడు, ప్లాస్టిక్కంతయు మాయమగును" అని చెప్పినచో తీర్మానము చేయుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఏ అంకెగల ప్లాస్టిక్కుపై ఇది పనిచేయును? ఎంత వేడిలో, ఎన్ని దినములలో పనిచేయును? చివరకు మిగులునది ఏది? ఏ ప్రభుత్వ సంస్థ పరీక్షించి పత్రమిచ్చినది? తృప్తికరమైన సమాధానము రానిచో ఊరి సొమ్ము ఖర్చు చేయకుడు.

మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. కన్నులకు కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. కొన్ని సంచులు ఎండకు పెళుసెక్కి చిన్నచిన్న తునకలగును. ఆ తునకలు పొలములో కలియును, గెడ్డలో కొట్టుకొనిపోవును, నాగావళి, వంశధార, చంపావతి నదుల మీదుగ సముద్రము చేరును. చేప దానిని మ్రింగును. ఇది ప్లాస్టిక్కు కరగుట కాదు. ఏరి తీయుటకు వీలులేకుండ వెదజల్లబడుట. అందుకే 2024లో కేంద్ర ప్రభుత్వము నియమములను సవరించి, సూక్ష్మమైన ప్లాస్టిక్ తునకలు మిగులకుండ విచ్ఛిన్నమగు దానినే జీవవిచ్ఛిన్న ప్లాస్టిక్కని పిలువవలెనని నిర్వచించినది.

పిండిపదార్థములతో చేసిన కంపోస్టు సంచులు గూడ అంగడిలో దొరకుచున్నవి. వానిని తయారుచేయువారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలినుండి ధ్రువపత్రము పొందవలెను. వానిలో చాల రకములు కర్మాగారముల కంపోస్టులో, ఎక్కువ వేడిలో మాత్రమే త్వరగ కుళ్లును. గెడ్డలో పారవేసినచో అవియు చాలకాలము నిలుచును. పచ్చసంచి యంతయు మంచిసంచి కాదు.

పంచాయతీ చేయవలసిన పనులు

2016 ప్లాస్టిక్ వ్యర్థముల నియమములు గ్రామ పంచాయతీలకును వర్తించును. చెత్తను వేరుచేయించుట, సేకరించుట, తిరిగి ఉపయోగించువారికి చేర్చుట, బహిరంగముగ తగులబెట్టకుండ చూచుట పంచాయతీ బాధ్యతలే. ఈ బాధ్యతను నెరవేర్చుటకు అయిదు పనులు సూచించుచున్నాము.

మొదటిది, ఇంటివద్దనే తడిచెత్త, పొడిచెత్త వేరుగ నుండవలెను. తడిచెత్త సూక్ష్మజీవులకు నిజమైన విందు. కూర తొక్కలు, ఆకులు, పేడ చెత్తనుండి సంపద తయారీ కేంద్రములో వానపాముల ఎరువుగ మారును. ఉద్దానమున కొబ్బరి పొట్టును గూడ ఒక జాతి పుట్టగొడుగు సహాయముతో ఎరువుగ మార్చవచ్చును. కాయర్ బోర్డువారు అందులకు "పిత్ ప్లస్" అను విత్తనమును తయారుచేసిరి. గెత్తం బండి పొలమునకు బయలుదేరుటకు ముందే అందులోని సంచులు, పొట్లములు ఏరివేయవలెను. గెత్తంతో పొలము చేరిన సంచి ఏండ్ల తరబడి వేరులకు, నాగలికి అడ్డమగును.

రెండవది, పొడిచెత్తను కేంద్రములో రకముల వారీగ నిలువచేయవలెను. ఒక గోనెలో 1 అంకె సీసాలు, ఒక గోనెలో పాల ప్యాకెట్లు, సంచులు, మరియొక దానిలో గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, వేరొక దానిలో పొరల పొట్లములు. తీరగ్రామములలో వలలకు ప్రత్యేకముగ చోటు కేటాయించవలెను. సీసాలను కడిగి, నలిపి యుంచినచో పాతసామాను కొనువారు మంచి ధర నిత్తురు. పనికిరాని సంచులను రోడ్డు తారులో కలుపు పద్ధతి మన దేశములోనే పుట్టినది. మదురై ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ ఇందులకుగాను 2018లో పద్మశ్రీ బిరుదము పొందెను. పురుగుమందు డబ్బాలను మాత్రము వీనితో కలుపరాదు. చెత్తను ఏరు పారిశుద్ధ్య కార్మికులకు చేతితొడుగులు, ముఖమునకు గుడ్డలు ఇచ్చుట పంచాయతీ కనీస ధర్మము.

మూడవది, కాల్చరాదు, పూడ్చరాదు, గెడ్డలో త్రోయరాదు. కాల్చినచో పొగయే మిగులుననుకొనుట పొరపాటు. పీవీసీ వంటివి కాలినప్పుడు విషవాయువులు పుట్టును. ఆ పొగ పీల్చునది పక్కయింటి పసిబిడ్డయే.

నాలుగవది, చెత్తగా మారు వస్తువునే తగ్గించవలెను. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుండి నిషిద్ధములు. 120 మైక్రానులకన్న పలుచని చేతిసంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. అమ్మవారి పండుగలకు, పెండ్లి విందులకు మన మన్యపు అడ్డాకు విస్తళ్లు ఉండనే యున్నవి. మహిళా సంఘములచేత స్టీలు పళ్లెములు, గ్లాసులు కొనిపించి అద్దెకిప్పించినచో సంఘమునకు ఆదాయము, ఊరికి శుభ్రత. గోనెసంచి, గుడ్డసంచి తిరిగి వాడుకలోనికి వచ్చినచో నారపంట రైతునకును మేలు.

అయిదవది, లెక్క. ఈ నెలలో ఎన్ని కిలోల ప్లాస్టిక్కు వచ్చినది, ఎంత అమ్మితిమి, ఎంత మిగిలినది అను మూడు అంకెలను పుస్తకములో వ్రాయించి గ్రామసభలో చదివించవలెను. 2020లో ఆరంభమైన స్వచ్ఛభారత్ గ్రామీణ రెండవ దశ మార్గదర్శకములలో మండలమున కొకటి చొప్పున ప్లాస్టిక్ వ్యర్థముల కేంద్రము ఏర్పాటునకు 16 లక్షల రూపాయల వరకు కేటాయింపు చూపబడినది. మీ మండలములో ఆ కేంద్రము ఎచ్చట నున్నది, మీ ఊరి చెత్త అచ్చటికి చేరుచున్నదా అని మండల పరిషత్ అభివృద్ధి అధికారిని అడుగుడు. లెక్క చేతిలో నున్న పంచాయతీ మాటకు విలువ యుండును.

సభ్యులారా,

శాస్త్రజ్ఞులు తమ పని తాము చేయుచున్నారు. ఎక్కడనో కంపోస్టు కుప్పలో దాగిన ఎంజైమును వెదకి, దానితో సీసాను మరల సీసాగ మార్చిరి. అది మానవుని బుద్ధికి గర్వకారణమే. కాని వారి తొట్టికిని మన వీధికిని నడుమ చాల దూరమున్నది. ఆ దూరమును తగ్గించునది ఏ పొడియు కాదు. ప్రతి యింటి గుమ్మమున నుండవలసిన రెండు బుట్టలు. గోగుకట్టను కట్టి చెరువులో వేసినది రైతు, ఊరవేసినది సూక్ష్మజీవి. రైతు చేతి పని ముందు జరిగినందుననే నార చేతికి వచ్చినది.

రాబోవు పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో ఈ విషయమును చేర్చుడు. ముందుగ ఒక వీధిని ఎన్నుకొని, ఒక నెల నడిపి చూడుడు. ఆ నెల లెక్కను గ్రామసభ ముందుంచి, రెండవ వీధిని చేర్చుడు. ఊరు పెద్దదైనను వీధులు లెక్కకు మించవు. మీ ప్రయత్నము సఫల మగుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.